జుమ్మనే నీళ్ళు

కరెంటు పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నా దగ్గరికి వస్తే మొదట అడిగేది ఒకటే. "అన్నా, నీకు ఎన్నిసార్లు షాకు కొట్టింటాది?" షాకు కొట్టించుకోవడమంటే ఏదో పతకం గెలుచుకోవడమన్నట్టు కళ్ళు పెద్దవి చేసుకొని అడుగుతారు. కొట్టింది తక్కువ, భయపడింది ఎక్కువ అంటాను నేను. ఆ జవాబు వాళ్ళకు నచ్చదు. పనిలో చేరిన రోజు ఎంత భయపడ్డానో, చూపు మందగించి పని మానుకున్న రోజూ అంతే భయపడ్డాను. ఇన్నేళ్ళు బతికి ఉన్నది ఆ భయం పుణ్యానే.

కదిరిలో ఖాజా మేస్త్రీ దగ్గర మోటార్లు చుట్టడం, ఇళ్ళకు వైరింగు చేయడం నేర్చుకున్నాను. ఆ తర్వాత పుట్టపర్తిలో ఒక పెద్ద లాడ్జీలో కరెంటు పనులన్నీ చూసుకుంటూ గడిపేశాను. ఈ పనిలో నిజంగా ఏముంటుందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఎక్కువ భాగం ఒక ముసలామె గురించి, ఆమె వేడినీళ్ళ తొట్టి గురించి ఉంటుంది. అంతకు ముందు రెండు మూడు సంగతులు చెప్పకపోతే ఆ కథ మీకు అర్థం కాదు.

మేస్త్రీ చొక్కా జేబు

ఖాజా మేస్త్రీ చొక్కా జేబు ఎప్పుడూ కిందికి వేలాడుతూ ఉండేది. అందులో పింగాణీ ఫ్యూజులుండేవి. ఎవరి ఇంట్లో పనికి వెళ్ళినా మెయిన్ దగ్గర ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాకే స్క్రూడ్రైవరు తీసేవాడు. పని అయ్యేదాకా ఆ ఇంటి కరెంటు ఆయన గుండె మీదే ఉండేది.

పనికి వచ్చిన కొత్తవాళ్ళకు ఆయన పెట్టే పరీక్ష తమాషాగా ఉండేది. గోడ నుంచి వేలాడే ఒక వైరు చూపించి, "పట్టుకోరా బేటా" అనేవాడు. గభాల్న పట్టుకున్నవాడిని ఆ రోజే ఇంటికి పంపేసేవాడు. ఆ వైరులో కరెంటు ఉండదు లెండి. నా వంతు వచ్చినప్పుడు నేను చేతులు వెనక్కి పెట్టుకొని, "ఆఫ్ చేసినారా మేస్త్రీ?" అన్నాను. "చేసినా" అన్నాడాయన. "చేసినాక చూసినారా?" అని అడిగాను. తెలివితో అడగలేదు, భయంతో అడిగాను. ఆయన నా వైపు చూసి నవ్వి, "వీడికి డర్ ఉండాది. వీడు బతుకుతాడు" అని పనిలో పెట్టుకున్నాడు.

ఫ్యూజు జేబులోనే ఎందుకు వేసుకోవాలో నాకు ఓబులేసు చావు నేర్పింది. ఓబులేసు నాతో పాటు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాడు, నా కంటే చురుకైనవాడు. కణేకల్ వైపు కాలువ కింద పొలాల్లో ఒక మోటారు రిపేరుకు పోయాడు. ఫ్యూజు పీకాడు, కానీ జేబులో వేసుకోకుండా పెట్టె మీద పెట్టాడు. ఆ దారిన పోతున్న రైతు ఒకాయన, "అయ్యో, ఫ్యూజు ఊడి పడుండాదే, పక్క చేనాయనకు నీళ్ళు ఆగిపోతాయే" అనుకొని తిరిగి పెట్టేశాడు. అప్పుడు ఓబులేసు రెండు చేతులూ స్టార్టరులో ఉన్నాయి, కాళ్ళు బురదలో ఉన్నాయి.

ఆ రైతు చెడ్డవాడు కాదు. సాయం చేయబోయాడు. శవం దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. ఆ రోజు నుంచి నాకు కరెంటు కంటే మంచి మనసుతో స్విచ్చు వేసేవాళ్ళంటేనే భయం ఎక్కువ. కరెంటు తన దారిన తను పోతుంది. మంచివాడు ఎప్పుడు, ఎటు నుంచి వచ్చి మీకు సాయం చేస్తాడో ఎవరికీ తెలియదు.

"డైరెక్టు చేసేయప్పా"

లాడ్జీలో నాకు పైన ఒక మేనేజరు ఉండేవాడు. మంచి మనిషే. వాన కురిస్తే తన గొడుగు నాకిచ్చి తను తడుస్తూ పోయే రకం. కానీ ఆయన నోట ఒక మాట వింటే నాకు ఒళ్ళు మండేది. వంటింట్లో ట్రిప్పరు పడిపోయిందంటే చాలు, "ఊరికూరికే పడతాండాది, దాన్ని తీసేసి డైరెక్టు చేసేయప్పా" అనేవాడు.

ట్రిప్పరు తెలుసు కదా. కరెంటు పోవలసిన దారిలో కాకుండా వేరే ఎటైనా కారిపోతుంటే పసిగట్టి కట్ చేసే పెట్టె అది. అది పడిపోతున్నదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. డైరెక్టు చేయడమంటే కాపలా కుక్క మొరుగుతున్నదని దాన్ని చంపి హాయిగా పడుకోవడం. ఒకసారి నాకు విసుగొచ్చి, "అట్లనే చేస్తా సార్. నేను డైరెక్టు చేసే లోపల మీరు ఆ గ్రైండరు మీద ఒక చెయ్యి పెట్టుకొని ఉండండి" అన్నాను. ఆయన పెట్టలేదు. మరుసటి రోజు నుంచి ఆ మాట మానలేదు గానీ, నాకు వినబడకుండా అనేవాడు.

మా సీమలో కారడం ఎక్కువ. బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం. గీజరు లోపలి కడ్డీ మీద తెల్లగా పెచ్చు కడుతుంది. దాని కింద కడ్డీ కాలి, పగిలి, లోపలి కరెంటు నీళ్ళలోకి వస్తుంది. అట్లా కారిన కరెంటును మనిషి మీదికి పోనీకుండా మట్టిలోకి దించే తీగనే ఎర్తు అంటాం. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మట్టిలో తడి ఉంటేనే అది కరెంటును మింగుతుంది. మా నేలలో తడి ఎక్కడుంది? గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి రోజూ నీళ్ళు పోయాలి. ట్యాంకరు నీళ్ళకు బిందెలు వరసలో పెట్టుకొనే ఊళ్ళో మట్టికి నీళ్ళు పోస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? బట్టలుతికిన నీళ్ళు తెచ్చి నేను గుంతలో పోస్తుంటే వంటవాళ్ళు నవ్వేవాళ్ళు. "నారాయణన్న గుంతమ్మకు నైవేద్యం పెడతాండాడు" అనేవాళ్ళు.

అందుకే మావాళ్ళు ఒక తేలిక దారి కనిపెట్టారు. బోరులో లోతుకు దించిన ఇనుప కేసింగు పైపుకే ఎర్తు తీగ చుట్టేస్తారు. పైపు లోతున తడి దాకా పోతుంది, గుంతతో పని లేదు, నీళ్ళు పోసే బాధ లేదు. బోరులో నీళ్ళున్నంత కాలం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

శెట్టిగారి లాడ్జీ

పుట్టపర్తిలోనే నాగరాజ శెట్టి అని ఒకాయన లాడ్జీ ఉంది. శెట్టిది మొదటి నుంచీ వ్యాపారం చేసే కుటుంబం, వాళ్ళ నాయన కాలంలో కిరాణా అంగడి ఉండేది. నేను పని మానుకున్నాక కూడా తోచక అప్పుడప్పుడు ఆయన దగ్గరకు పోయి కూర్చునేవాణ్ణి. ఊరు జిల్లా కేంద్రమయ్యాక ఆయన గదుల్లో ఆఫీసర్లు దిగడం మొదలైంది. శెట్టికి ఊపిరి తీసుకొనే తీరిక లేదు.

ఆ లాడ్జీ వెనక వైపు కింది గదిలో వేడినీళ్ళ తొట్టి ఒకటి ఉంది. ఆశ్రమానికి వచ్చి చాలా ఏళ్ళు ఉండిపోయిన విదేశీ దంపతులు దాన్ని ఓడలో తెప్పించుకున్నారు. మనిషి మెడ దాకా మునిగి కూర్చోవచ్చు. అడుగున మోటారు ఉంటుంది, హీటరు ఉంటుంది, నీళ్ళు వేడిగా సుడులు తిరుగుతూ ఒంటిని పిసికినట్టు తగులుతాయి. వాళ్ళు తమ దేశం పోతూ దాన్ని శెట్టికి వదిలేసి పోయారు. శెట్టి వాళ్ళమ్మ సుబ్బమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె ఆ తొట్టిని పట్టుకుంది. రోజూ అందులో కూర్చోకపోతే ఆమెకు పొద్దు గడవదు. ఊరంతా బిందెడు నీళ్ళకు కొట్టుకుంటుంటే తొట్టెడు నీళ్ళలో కూర్చుంటావేమని ఎవరైనా అంటే, "అవే నీళ్ళు తిరుగుతాండాయి గదప్పా, నేనేమన్నా తాగుతాండానా?" అనేది.

ఒక మధ్యాహ్నం శెట్టి ఫోను చేశాడు. "అన్నా, తొట్టి సగం వేడెక్కి ఆగిపోతాండాది. అమ్మ నా ప్రాణం తీస్తాండాది. ఒక్కసారి వచ్చి చూడన్నా."

వెళ్ళాను. గదిలోకి అడుగు పెట్టేసరికి సుబ్బమ్మ చీరతోనే తొట్టిలో కూర్చొని ఉంది. నన్ను చూసి నోరారా నవ్వింది.

"రాప్పా నారాయణా. నువ్వొచ్చినావంటే ఇంగ బాగైపోతాది."

"ముందు నువ్వు బయటికి రా పెద్దమ్మా. మనిషి లోపల ఉండగా నేను మూత ముట్టుకోను."

ఆమె తొట్టి పక్కనున్న స్టీలు కమ్మీ పట్టుకొని మెల్లగా లేచింది. ఒక కాలు ఇవతలికి వేసి, కోడలు పెట్టిన రబ్బరు చెప్పులో పెట్టింది. రెండో కాలు ఇంకా నీళ్ళలోనే ఉంది. చెప్పులో నుంచి బొటనవేలు మాత్రం బయటికి తీసి, నేలకు ఆనించి, కళ్ళు మూసుకుంది.

"ఏం చేస్తాండావు పెద్దమ్మా?"

"జుమ్మంటాది. మోకాలి దాకా జివ్వున లాగుతాది. ఆసుపత్రిలో మోకాళ్ళకు కరెంటు పెడతారు చూడు, అచ్చం అంతే. ఆడికి పోయే పనే లేదు నాకు. ఈ తొట్టిలోనే మందు ఉండాది."

ఆ మాట ఆమె ఎంత సంతోషంగా చెప్పిందో, నాకు అంత చెమట పట్టింది. నేల పొడిగా ఉండబట్టి ఆమె బతికి ఉంది. నీళ్ళ కరువుతో ఆ గది కడిగి ఎన్నాళ్ళయిందో. ఎవరైనా ఒక చెంబెడు నీళ్ళు ఒలకబోసి ఉంటే ఆమెకు ఆ జుమ్మే ఆఖరిదయ్యేది.

"కాలు తీయి" అని అరిచాను. ఆమె ఉలిక్కిపడి తీసింది. శెట్టి నన్ను వింతగా చూశాడు.

"చిన్న జిల్లే గదన్నా. వంటింట్లో మిక్సీ ముట్టుకున్నా వస్తాండాది. పాత వైరింగు."

మిక్సీ కూడా అన్న మాట నా చెవిన పడింది. కానీ అప్పుడు నా కళ్ళన్నీ తొట్టి మీదే ఉన్నాయి.

ఆఫ్ చేసినాక

తొట్టి స్విచ్చు ఆఫ్ చేసి, కింది పలక ఊడదీసి, టార్చి వేసి చూశాను. ట్రిప్పరు ఉంది, కానీ దాని రెండు పక్కల వైర్లను కలిపి టేపు చుట్టేశారు. పెట్టె అలంకారానికి మిగిలింది.

"ఇది ఎవురు చేసినారు శెట్టీ?"

"మొన్న పండగప్పుడు ఒకాయన వచ్చినాడు. ఊరికూరికే పడిపోతాండె. చిటికెలో చేసిచ్చి పోయినాడు."

తొట్టి నీళ్ళు బయటికి రాకుండా వాల్వులు కట్టేసి, హీటరు కడ్డీ ఊడదీశాను. నీళ్ళు మార్చకుండా, ఆవిరైనంత మేర ట్యాంకరు నీళ్ళు కలుపుతూ రావడంతో ఉప్పంతా కడ్డీ మీదే పేరుకుంది. పెచ్చు గీకితే కింద నెర్రె కనబడింది. మీటరు పెట్టి చూస్తే లోపలి తీగకు, పై గొట్టానికి మధ్య అడ్డమే లేదు. దొంగ దొరికాడు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేనూ ఆగబోయాను.

"కడ్డీ బెంగుళూరు నుంచి తెప్పియ్యాల" అన్నాను.

"అంతవరకు ఆఫ్‌లో పెట్టి ఉత్త నీళ్ళలో కూర్చోవచ్చు గదన్నా?" అన్నాడు శెట్టి.

కూర్చోవచ్చు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. స్విచ్చు ఆఫ్‌లో ఉంది. హీటరు వైర్లు ఊడి నా చేతిలోనే ఉన్నాయి. ఇంక భయమేముంది? మేము మాట్లాడుకుంటుండగానే సుబ్బమ్మ, "అదే మేలు, నీళ్ళింకా గోరువెచ్చగా ఉండాయి" అంటూ తొట్టి దగ్గరికి వచ్చి కాలెత్తింది.

చేసినాక చూసినావా? ఖాజా మేస్త్రీ పోయి చాలా కాలమైంది. అయినా ఆ మాట నా చేతుల్లో ఉండిపోయింది. నా సంచిలో జీరో బల్బు హోల్డరు ఒకటి ఉంటుంది, రెండు వైర్లతో. ఒక వైరు కరెంటు ఉండని న్యూట్రలు తీగకు పెట్టి, రెండోది ఆమె పట్టుకోబోయే స్టీలు కమ్మీకి ఆనించాను.

బల్బు వెలిగింది. ఎర్రగా, నిదానంగా వెలిగింది.

"దిగొద్దు పెద్దమ్మా!"

ఆమె కాలు గాలిలోనే ఆగింది. పక్కనే ఉన్న కోడలు ఆమెను వెనక్కి లాగింది. నేను బల్బు వైపే చూస్తున్నాను. తొట్టికి కరెంటు లేదు. తొట్టి కమ్మీలో కరెంటు ఉంది. ఇన్నేళ్ళ పనిలో నన్ను అంతగా భయపెట్టిన బల్బు మరొకటి లేదు. తెలిసిన చోట ఉన్న కరెంటుకు భయపడితే జాగ్రత్త పడతాం. ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియని కరెంటుకు ఏం జాగ్రత్త పడతాం?

కాసేపటికి బుర్ర పనిచేసింది. కమ్మీకి తగిలి ఉన్నది ఒక్క ఎర్తు తీగే. వచ్చేదేదో దాని గుండానే రావాలి. ఎర్తు తీగ అంటే ఇంటి మురుగు కాలువ లాంటిది. గీజర్లు, మిక్సీ, ఫ్రిజ్జు, అన్నిటి నుంచి కారేది దానిలో చేరి మట్టిలోకి పోవాలి. కాలువ చివర మూసుకుపోతే మురుగు ఏం చేస్తుంది? వెనక్కి తన్ని ప్రతి ఇంట్లోకీ వస్తుంది. పై గదుల్లో ఏదో గీజరు కడ్డీ కూడా పగిలి ఉంది. అందులో కారిన కరెంటుకు మట్టి దొరకక, లాడ్జీలో ఇనుము ఉన్న ప్రతి చోటికీ పాకుతున్నది. తొట్టి ఒక్కటే కాదు, ఇల్లంతా జుమ్మంటున్నది. సుబ్బమ్మ ఒక్కతే పని పెట్టుకొని దాన్ని వెతుక్కుంటూ పోతున్నది.

మెయిను దగ్గరికి పరుగెత్తాను. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. ఫ్యాన్లు ఆగాయి. పై నుంచి అరుపులు మొదలయ్యాయి.

"ఏమన్నా ఇది! పైన ఆఫీసర్లు ఉండారు!" శెట్టి మొహం మాడిపోయింది.

"ఉంటే ఉండనీ. బతికుంటే మళ్ళా నిన్ను తిడతారు. జనరేటరు ఉండాది గదా నీకు? అది వేస్తే మళ్ళా మొదటికే వస్తాది. ఎవురూ దాన్ని ముట్టుకోగూడదు."

"హనుమంతుకు నేను చెప్తాలే, నువ్వు నీ పని చూడు" అన్నాడు. హనుమంతు వాళ్ళ వాచ్‌మన్.

ఆ 'చెప్తాలే' అన్న మాట గుర్తుంచుకోండి.

"ఎర్తు దేనికి కట్టినారు?"

"వెనకాల బోరుకు."

వాన

ఎర్తు తీగ వెంబడి గోడ పట్టుకొని వెనక పెరట్లోకి నడిచాను. శెట్టి కూడా వచ్చాడు. తీగ గోడ దిగి నేల మీదుగా పోతున్నది. ఆకాశం నల్లబడుతున్నది. ఎన్నో నెలలుగా మబ్బు పట్టడం, చెదిరిపోవడం చూసి చూసి ఎవరూ తలెత్తి చూడటం మానేశారు. బోరు ఉండవలసిన చోట ఒక బండ మూసి ఉంది.

"బోరు యాడ శెట్టీ?"

"ఎండిపాయ గదన్నా. కొత్త బోరు ఆ పక్క వేయిస్తిమి. ఇందులో కేసింగు ఊరికే పడుండడం ఎందుకని పెరికించి దానికి వేస్తిమి."

మా సీమలో అందరూ చేసేదే ఇది. ఎండిన బోరులో ఇనుప పైపు వదిలేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? దానికి ఎర్తు కట్టడం తెలివైన పనే, దాన్ని పెరికి మళ్ళీ వాడుకోవడం కూడా తెలివైన పనే. రెండు తెలివైన పనులు కలిసి ఒక మనిషిని చంపడానికి సిద్ధంగా కూర్చున్నాయి.

"మరి తీగ?"

"తీగ సంగతి తెలీదన్నా."

అప్పుడు మొదటి చినుకు నా చేతి మీద పడింది. తర్వాత బండ మీద, శెట్టి బట్టతల మీద. మట్టి వాసన గుప్పున లేచింది. పై గదుల్లోంచి అరుస్తున్న వాళ్ళే వరండాల్లోకి వచ్చి కేకలు వేశారు, ఈసారి సంతోషంతో. శెట్టి మొహం పైకెత్తి, నోరు తెరిచి, చిన్న పిల్లాడి మాదిరి నిలబడిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఏడాదిగా ఆ ఊరు ఎదురు చూసిన వాన అది. ఆ పెరట్లో దానికి భయపడినవాణ్ణి నేనొక్కణ్ణే. పొడి నేల ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో మనుషులను కాపాడింది. ఇప్పుడది తడుస్తున్నది.

బండ పక్క నుంచి తీగ పైకి లేచి ఉంది. దాని వెంట చూపు పోనిచ్చాను. పెరట్లో రెండు రాతి కంబాల మధ్య బట్టలారేసే ఇనుప తీగ దండెం కట్టి ఉంది. ఎర్తు తీగ చివరను ఎవరో కొక్కెంలా వంచి ఆ దండేనికి తగిలించారు. ఇంట్లో కారే కరెంటంతా వచ్చి ఆగేది ఆ దండెంలోనే. దండెం నిండా చీరలు, లాడ్జీ దుప్పట్లు.

ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి కదా అని గుండె దిటవు చేసుకుంటున్నాను. అప్పుడే ముందు వైపు నుంచి జనరేటరు దడదడమని లేచింది. శెట్టి వానలో పడి హనుమంతుకు చెప్పడం మరిచాడు. హనుమంతు పాపం తన పని తను చేశాడు. కరెంటు పోతే జనరేటరు వేయాలి, వేశాడు. నాకు ఓబులేసు, బురదలో అతని కాళ్ళు కళ్ళ ముందు కనబడ్డాయి.

అదే సమయానికి సుబ్బమ్మ వెనక తలుపులోంచి పెరట్లోకి వచ్చింది. చెప్పులు లేవు. వానలో పాదాలు తడుపుకుంటూ, మోకాళ్ళ నొప్పి కూడా మరిచి, బట్టలు తడుస్తున్నాయని దండెం వైపు గబగబా నడుస్తున్నది. చెయ్యి అప్పుడే చాచింది.

"తాకొద్దు! కరెంటు!" అని అరిచాను. ఆమె నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కరెంటు అంటే ఆమెకు మోకాళ్ళ మందు. మందుకు ఎవరు భయపడతారు? చెయ్యి ఇంకా ముందుకు పోయింది. నేను పరుగెత్తినా అందేంత దగ్గరలో లేను.

"పాము! పెద్దమ్మా, కాళ్ళ కాడ పాము!"

ఆమె కొయ్యబారిపోయింది. చాచిన చెయ్యి గుండెల మీదికి వచ్చింది. "నరసింహస్వామీ" అంటూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి వరండా ఎక్కింది. అప్పటికి నేను ఆమెకు, దండేనికి మధ్యకు వచ్చి నిలబడ్డాను. శెట్టి జనరేటరు ఆపడానికి పరుగెత్తుతున్నాడు. ఆ మనిషి పరుగెత్తగా చూసింది అదే మొదలు. దడదడ ఆగింది. అప్పుడు నేను వాన నీళ్ళలోనే కూలబడ్డాను.

పాము యాడ?

వాన వెలిసే దాకా కోడలు ఇచ్చిన టీ తాగుతూ వరండాలో కూర్చున్నాను. సుబ్బమ్మ పక్కనే కాళ్ళు పైకి పెట్టుకొని కుర్చీలో కూర్చొని పెరడంతా కళ్ళతో గాలిస్తున్నది.

"పాము యాడప్పా? నాకు కనపడనే లేదు."

నేను లేచి, దండెం మీది తీగ విప్పి, దాని చివరను వరండాలోకి తెచ్చి ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టాను. శెట్టిని, హనుమంతును, కోడలిని ఒక పక్కన నిలబెట్టాను. ఎవరినీ కదలొద్దని చెప్పి ఫ్యూజులు తిరిగి పెట్టి వచ్చాను. జీరో బల్బు ఒక వైరు న్యూట్రలుకు, రెండోది తీగ చివరకు ఆనించాను. బల్బు ఎర్రగా వెలిగింది.

"ఇదిగో పెద్దమ్మా, ఇదే."

ఆమె ఆ బల్బును చాలాసేపు చూసింది.

"ఆ తీగ నేల మీద పడి కాళ్ళకు అడ్డం పడతాండాదని నేనే దండేనికి తగిలిస్తి" అంది మెల్లగా. మళ్ళీ అడిగింది. "అయితే నేను రోజూ బొటనవేలు ఆనించి పలకరించింది దీన్నేనా నారాయణా?"

"దీన్నే."

ఆమె కాలి వేళ్ళను చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. ఆ ముసలి పాదానికి భయం తెలిసింది. నాకు జాలి వేసింది, అంతకు మించి ఊరట కలిగింది. ఇంక ఆమెకేం కాదనిపించింది.

ఆ వారంలోనే ఎర్తుకు సరైన గుంత తీయించాను. ఉప్పు, బొగ్గు వేసి, తొట్టికి కొత్త కడ్డీ, కొత్త ట్రిప్పరు పెట్టి, పైన పగిలిన గీజరు మార్పించి, ఎర్తుకు, కరెంటు వచ్చే ఫేజు తీగకు మధ్య బల్బు నిండుగా వెలిగేదాకా వదలలేదు. డైరెక్టు చేసిపోయినాయన ఎవరో శెట్టికి పేరు కూడా గుర్తులేదు. ఎక్కడో ఒక చోట ఇంకా చిటికెలో చేసిచ్చి పోతూనే ఉంటాడు.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది తక్కువే. ఇంటివాళ్ళు చిన్న జిల్లే అంటే నమ్మవద్దు. దొంగ దొరికాడనుకున్నప్పుడు రెండో దొంగ కోసం చూడండి. ఇంకొకరు "చెప్తాలే" అంటే, మీరే పోయి చెప్పిరండి. ఎవరైనా మీ భయం చూసి నవ్వితే నవ్వనీయండి.

ఈ మధ్య ఆ లాడ్జీకి పోతే సుబ్బమ్మ గుంత దగ్గర వంగి చెంబుతో నీళ్ళు పోస్తూ కనబడింది. మళ్ళీ ఎండలు ముదిరి ట్యాంకర్లు తిరుగుతున్న రోజులు. శెట్టి సణుగుతున్నా ఆమె వినడం లేదు. లోపల కొత్తగా వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకతను తొట్టి మోటారుకు నూనె వేసి బయటికి వచ్చాడు.

"అయిపాయవ్వా, ఆఫ్ చేసే ఉండాది, పోయి తొట్టి చుట్టూ పడిన నీళ్ళు తుడుచుకో" అన్నాడు.

సుబ్బమ్మ చెంబు కింద పెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని, అతని మొహంలోకి చూసింది.

"చేసినాక చూసినావా?" అంది.

ఖాజా మేస్త్రీ ఉండి ఉంటే ఆ నిమిషమే ఆమెను పనిలోకి తీసుకొనేవాడు.